పేరెందుకమ్మా అన్నారు

నేను పుట్టింది పాలకొల్లులో. ఉద్యోగం చేసిందీ పాలకొల్లు మీదే, కాకపోతే ఊరికి చాలా కింద. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు కోసం బావులు తవ్వినవాళ్ళు కింద తగిలిన పొరలకు పైనున్న ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. పాలకొల్లు షేల్, పాశర్లపూడి ఫార్మేషన్, భీమనపల్లి సున్నపురాయి, మత్స్యపురి ఇసుకరాయి. మా మేనత్తనిచ్చిన ఊరూ, మా పెదనాన్న కోడల్ని తెచ్చుకున్న ఊరూ వరసగా నా మైక్రోస్కోపు కిందికొచ్చాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని. రిటైరయ్యాక రాజమండ్రిలో స్థిరపడ్డాను. ఇప్పుడు రాజమహేంద్రవరం అనాలి గానీ నోరు తిరగదు.

పేపర్లో అప్పుడప్పుడూ ఓ చిన్న వార్త వస్తుంటుంది: ఫలానా చోట సముద్రపు సూక్ష్మజీవి శిలాజం ఒకటి దొరికింది, కొత్త జాతి, ఫలానా పేరు పెట్టారు. చదివిన ప్రతిసారీ నాకు రెండు కలుగుతాయి. ఒకటి సంతోషం. రెండోది ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు పని ఏమిటో చెప్పాలి. బావి తవ్వుతుంటే బురదతో పాటు రాతి తునకలు పైకొస్తాయి. వాటిని కొన్ని మీటర్లకోసారి పట్టి, గుడ్డసంచిలో పోసి, బావి నంబరూ లోతూ రాసి ల్యాబుకి పంపుతారు. మేం వాటిని నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ మీద కొళాయి కింద కడుగుతాం. బురద పోతుంది, సన్నటి ఇసకలాంటిది మిగులుతుంది. ఒక శాంపిల్ అయ్యాక జల్లెడని మిథిలీన్ బ్లూ నీళ్ళలో ముంచాలి. పాత శాంపిల్ గింజ ఏదన్నా కన్నాల్లో ఇరుక్కునుంటే దానికి నీలిరంగు పడుతుంది. తర్వాతి శాంపిల్లో నీలం గుల్ల కనపడితే అది దొంగ, అటు మొన్నటి బావిది. ఆరాక నల్లటి పళ్ళెంలో పల్చగా చల్లి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒకటి రెండు వెంట్రుకలే మిగిలిన కుంచె కొసని పెదవి మీద తడి చేసుకుని గుల్లల్ని ఒక్కొక్కటే ఎత్తి, గళ్ళ స్లైడులో అంటించడం. మా అత్తగారు ఒకసారి ల్యాబు చూడ్డానికొచ్చి అరగంట నిలబడి, "జీతమిచ్చి మట్టిలో నూకలేరిస్తున్నారా నీచేత?" అంది. అంతకన్నా బాగా మా పనిని ఎవరూ చెప్పలేదు.

ఆ నూకలే ఫొరామినిఫెరా. మేం ఫోరామ్స్ అంటాం. ఒంటికణం జీవులు. వాటిలో కొన్ని సముద్రపు పైనీళ్ళలో తేలుతూ బతుకుతాయి, సున్నంతో గుల్ల కట్టుకుంటాయి, చచ్చాక ఆ గుల్ల అడుగుకి దిగి బురదలో కలుస్తుంది. ఇప్పటి సముద్రాల్లో తేలే రకాలు యాభై చిల్లరే. శిలాజాల్లో అంతకు ఎన్నో రెట్లున్నాయి, ఎందుకంటే ఒక్కో జాతి కొంతకాలం బతికి పోతుంది, దాని చోట ఇంకోటి వస్తుంది. ఏ గుల్ల ఏ కాలంలో పోయిందో తెలిస్తే ఆ పొర వయసు తెలిసినట్టే. బావి పైనుంచి కిందికి, అంటే కొత్త నుంచి పాతకి తవ్వుతాం. పై పొరల రాళ్ళు జారి కింద పడతాయి గనక, ఒక జాతి చిట్టచివర ఎక్కడ కనిపించిందన్న మాట నమ్మలేం. మొదటిసారి ఎక్కడ తగిలిందన్నదే లెక్క. మొదట తగిలిన చోటు ఆ జాతి అంతరించిన చోటు. తవ్వేవాడికి పుట్టుకలతో పని లేదు, చావులతోనే.

ఇక 1991. ఒక బావి, పాలకొల్లు షేల్ తగిలిన లోతు. నా పళ్ళెంలో సబ్బోటినాలు పడ్డాయి. నీనా సుబ్బోటినా అనే సోవియట్ శాస్త్రవేత్త పేరు మీద పెట్టిన ప్రజాతి అది. మా అటెండరు వాటిని సుబ్బమ్మలనేవాడు. మామూలుగా సుబ్బమ్మలకి చివరి చుట్టులో మూడు, మూడున్నర, మహా అయితే నాలుగు గదులుంటాయి, ద్రాక్షపళ్ళు దగ్గరగా కుదించి అంటించినట్టు. ఆ రోజు కనిపించినదానికి నాలుగున్నర. చివరి గది దాని ముందు గదికన్నా చిన్నది, నాభి మీదికి వాలి, ముఖద్వారాన్ని సగం మూసేసి ఉంది. పెదవంచు పల్చటి రేకులా బయటికొచ్చింది.

ఒక గుల్లకి ఆఖరి గది చిన్నదైపోతే సంబరపడకూడదు. తిండి లేకో, కాలం తీరో, ఆఖరి గది సరిగ్గా కట్టుకోలేనివి ప్రతి జాతిలోనూ ఉంటాయి. కానీ సాయంత్రానికి అలాంటివి పదకొండు ఏరాను. పదకొండింటికీ అదే వాలు, అదే పెదవి. ఒకే స్లైడులో వరసగా అంటించి, పక్కన పెన్సిల్‌తో "సబ్బోటినా? జాతి-ఎ" అని రాసి, మా సారు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన చూశారు. చాలాసేపే చూశారు. "బాగుందమ్మా. రిపోర్టులో పాలియోసీన్ అని రాసెయ్. రిగ్గు ఆగి ఉంది. వాళ్ళకి కావాల్సింది వయసు. పేరెందుకమ్మా?"

ఆయన్ని తప్పుపట్టను. రిగ్గు ఒక రోజు ఖాళీగా నిలబడితే అయ్యే ఖర్చు ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆ పదకొండు గుల్లల పక్కన అందరూ ఎరిగిన జాతులు నాలుగున్నాయి, వాటితో వయసు తేలిపోయింది. నా జాతి-ఎ ఆ లెక్కలో అదనం. స్లైడు బీరువాలో పెట్టాను. "తీరిగ్గా చూద్దాం" అనుకున్నాను. ఆ తీరిక గురించి తర్వాత చెబుతాను.

కొత్త జాతిని కనుక్కోవడం వేరు, వర్ణించడం వేరు. పేపర్లో మొదటి మాటే వస్తుంది, అసలు కష్టం రెండోదానిలో ఉంది. కనుక్కోవడం నాకు ఒక సాయంత్రం పట్టింది. వర్ణించాలంటే, ఇదివరకు ఎవరూ దీన్ని వర్ణించలేదని ముందు తేల్చుకోవాలి. ఎల్లిస్, మెస్సినా అనే ఇద్దరు న్యూయార్క్ మ్యూజియం నుంచి 1940లో మొదలుపెట్టిన ఫొరామినిఫెరా కేటలాగు ఒకటుంది. విడి కాగితాల సంపుటాలు, అలమర నిండుతుంది. అందులో ప్రతి జాతికీ మొట్టమొదటి వర్ణన, మొట్టమొదటి బొమ్మ. వాటిలో పోలినవన్నీ పక్కన పెట్టుకుని, బొమ్మ చాలకపోతే అసలు గుల్లే చూడాలి. ఆ అసలు గుల్లని హోలోటైప్ అంటాం. పేరు అతుక్కునేది దానికే, వర్ణనలోని మాటలకి కాదు. కొన్ని వాషింగ్టన్‌లో, కొన్ని లండన్‌లో, కొన్ని పారిస్‌లో ఉంటాయి. తర్వాత మన గుల్లల్ని బంగారుపూత పూసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి మూడు వైపులా ఫోటోలు తీయాలి: నాభి వైపు, చుట్టు వైపు, అంచు వైపు. గోడమీద రంధ్రాలు కూడా కనపడాలి. ఒక్క గుల్ల చాలదు. పిల్లప్పటిది, పెద్దది, అటూ ఇటూ తేడాలున్నవి చూపించాలి. ఏ బావి, ఏ లోతు, ఏ పొర. చివరికి ఒకదాన్ని హోలోటైప్‌గా ఎంచి, నంబరు వేయించి, రేపు ఎవరొచ్చి అడిగినా చూపించే చోట దాచాలి. అప్పుడు పేరు.

పేరు రోమన్ లిపిలోనే ఉండాలి. వర్ణన భాష మాటకొస్తే ఒక వింత ఉంది. ఫోరామ్స్ జంతువులు కాకపోయినా వాటికి జంతు నామకరణ నియమావళే వర్తింపజేస్తున్నాం. అందులో వర్ణన ఫలానా భాషలోనే ఉండాలన్న షరతు లేదు, పదిమందికీ తెలిసిన భాష అయితే మంచిదన్న సలహానే. అదే సున్నపు పలకలు కట్టుకునే నాచు జాతులైతే వృక్ష నియమావళి కిందికొస్తాయి, లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో రాస్తేనే చెల్లుతుంది. అంటే నా జాతి-ఎని "నాలుగున్నర గదులు, చివరిది నాభి మీదికి వాలినది" అని శుభ్రంగా తెలుగులో వర్ణించి ఉంటే నియమావళి కాదనలేదు. పత్రిక సంపాదకుడే కాదనేవాడు.

ఇంత తతంగం దేనికని మీరడగొచ్చు. రెండు సంగతులు చెబుతాను.

ఆల్సిడ్ దోర్బిన్యీ అనే ఫ్రెంచి కుర్రవాడు 1826లో ఈ గుల్లలకి పేర్లు పెట్టాడు. అవి ఆక్టోపస్, నాటిలస్ జాతి జీవుల బుల్లి చుట్టాలనుకున్నాడు. శుద్ధ తప్పు. తొమ్మిదేళ్ళకే దుజార్దాన్ అనే ఇంకో ఫ్రెంచివాడు అవి ఒంటికణం జీవులని చూపించాడు. అయినా దోర్బిన్యీ పెట్టిన గ్లోబిజెరినా బులాయిడిస్ అన్న పేరు ఇవాళ్టికీ చెల్లుతోంది. బంగాళాఖాతం అయినా అరేబియా సముద్రమైనా ఆ పేరు రాయకుండా రుతుపవనాల చరిత్ర రాయలేరు. ఆయన సిద్ధాంతం పోయింది. గుల్ల నిలిచింది, వర్ణన నిలిచింది.

రెండో సంగతి మా గుమ్మం ముందుదే. 1964లో లూటర్‌బాకర్, ఇసబెల్లా ప్రెమోలీ సిల్వా అనే ఇద్దరు ఇటలీ కొండల సున్నపురాళ్ళలో, డైనోసార్లు పోయిన గీతకి సరిగ్గా పైన, ఓ బుల్లి గుల్లని వర్ణించారు. మన వెంట్రుక మందంతో పోల్చుకోవలసినంత సైజు. గుబ్బియో ఊరి పాత పేరు మీద యూగుబినా అన్నారు. తర్వాత దాన్ని ఇంకో ప్రజాతిలోకి మార్చారు, ఇప్పుడు పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా. ఒంటికన్నా పేరు పొడుగు. ఉల్క పడి డైనోసార్లు పోయాయన్న గొడవే అప్పటికి లేదు, ఇరిడియం ఆధారంగా ఆ మాట చెప్పిన అల్వారెజ్‌ల వ్యాసం వచ్చింది 1980లో. ఆ ఇద్దరికీ దాంతో ఏ ఉపయోగమూ కనపడి ఉండదు. గీత కింద పెద్ద పెద్ద గుల్లలు, గీత పైన ఈ మరుగుజ్జులు. ఉన్నదున్నట్టు వర్ణించి పెట్టారు, అంతే.

ఇప్పుడు గౌరీపట్నం రండి. నిర్మలగిరి మేరీమాత క్షేత్రానికి వెళ్ళేవాళ్ళకి ఆ చుట్టుపక్కల క్రషర్లు, నల్లరాతి క్వారీలు తెలుసు. ఆ నల్లరాయి లావా. పడమటి దక్కన్‌లో పుట్టి వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని, భూమి మీద ఇంత పొడవైన లావా ప్రవాహాలు ఇంకెక్కడా లేవేమోనని 2008లో ఒక బృందం రాసింది. కింద లావా, పైన లావా, మధ్యలో తెల్లటి సముద్రపు పొర. గోదావరికి ఇవతల కాటేరు దగ్గరా అంతే. ఆ మధ్యపొరలో ఫోరామ్స్ ఉన్నాయని 1930లలోనే ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు రాశారు. కానీ ఎంతకాలం నాటివి? కోట్ల ఏళ్ళల్లో గీత ఎక్కడ గీయాలి? 2008లోనే ప్రిన్స్‌టన్‌కి చెందిన గెర్టా కెల్లర్, మన సునీల్ బాజ్‌పాయ్ తదితరులు ఆ పొరలో తేలే ఫోరామ్స్‌ని చూపించారు. అవి డైనోసార్లు పోయిన వెంటనే వచ్చిన కాలపువి, యూగుబినా కాలపువి. కాబట్టి ఆ పొర కిందున్న లావా, అంటే దక్కన్ అగ్నిపర్వతాల పెద్ద విజృంభణ, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటి ఆ గీత దగ్గరే ముగిసిందని వాళ్ళ వాదన. ఉల్కా, లావానా అని ప్రపంచమంతా కొట్టుకుంటున్న తగాదాలో గౌరీపట్నం క్వారీ సాక్షి అయింది. ఆ తగాదా ఇంకా తేలలేదు. కానీ రెండు పక్షాలూ తేదీ కోసం చూసేది ఆ మరుగుజ్జుల వైపే.

ఆ వ్యాసం చదివాక మరుసటి ఏడు నేనూ మావారూ గౌరీపట్నం వెళ్ళాం. సుత్తితో తెల్లపొర తునకలు సంచిలో వేసుకుంటుంటే క్వారీ మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "ఏముందండీ అందులో?" అన్నాడు. గవ్వల్లాంటివి, కంటికి కనపడవు అన్నాను. "కనపడనివాటికోసం ఇంత ఎండలో వచ్చారా తల్లీ" అని, పాపం, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చి కడిగి చూస్తుంటే నా జాతి-ఎ గుర్తొచ్చింది. 1964లో ఆ ఇటలీ గుల్లని ఎవరో "గ్లోబిజెరినా, జాతి-ఎ" అని రాసి బీరువాలో పెట్టేసి ఉంటే, నలభై నాలుగేళ్ళ తర్వాత గౌరీపట్నంలో దొరికిన గుల్లని దేంతో పోల్చేవాళ్ళు? మర్నాడే ల్యాబుకి వెళ్ళి అడిగాను. నేను చేరినప్పటి పాత భవనం అప్పటికే వదిలేశారు. సామాను మార్చేటప్పుడు చెక్క బీరువాలకి చెదపట్టిందని అట్టస్లైడుల పెట్టెలు కొన్ని తీసి పారేశారట. ఎవరు పారేశారన్నది నాకనవసరం. నా కాలంలోనే నేనే వాటికి ఒక రిజిస్టరు రాయించి ఉండాల్సింది. రాయించలేదు. అది కొత్త జాతో కాదో నాకిప్పటికీ తెలియదు. నేను దాన్ని బీరువాలో పెట్టిన మరుసటి ఏడే, 1992లో, నాలుగైదు గదులున్న ఆ తరహావాటిని విడదీసి పారాసబ్బోటినా అని వేరే ప్రజాతి పెట్టారు. నాది అందులో ఎవరో ఎరిగినదే అయిందేమో. స్లైడు ఉంటే ఒక పూట పని.

ఇక్కడ నా మాట ఒకటి సూటిగా చెప్పనివ్వండి. జాతి-ఎ, జాతి-బి అని రాయడం వినయంలా కనిపిస్తుంది. సగం వినయమే. మిగతా సగం బద్ధకం. మా తరం రిపోర్టుల్లో ఆ బద్ధకం చాలా ఉంది. మన తీరపు బావుల్లోంచి ఏరినవాటిలో ఎన్ని గుల్లలు పేరు దాకా రాకుండా ఆగిపోయాయో నాలాంటివాళ్ళకి తెలుసు. సంస్థలకి వయసు చాలు. విశ్వవిద్యాలయాల్లో వర్ణన రాసినవాడికి విలువ లేదు. మూడేళ్ళు కూర్చుని ఒక జాతిని వర్ణించినవాడికన్నా మూడు నెలల్లో మూడు గ్రాఫులు గీసినవాడికి ముందు ప్రమోషన్. సూక్ష్మ శిలాజాలు నేర్పే మాస్టారు రిటైరైతే ఆ ఖాళీలో ఇంకో సబ్జెక్టు మనిషిని వేస్తున్నారు, లేదా ఎవరినీ వేయడం లేదు.

అలాగని కనిపించిన ప్రతిదానికీ పేరు పెట్టమనడం లేదు. ఆ జబ్బూ చూశాం. ఒక గది వంకరగా కనిపిస్తే ఒక జాతి, కొంచెం లావైతే ఇంకోటి. తర్వాతివాళ్ళు పదేళ్ళు కూర్చుని అవన్నీ ఒకటే అని తేల్చాల్సి వచ్చింది. 2023లో లండన్ వాళ్ళు గ్లోబిజెరినాయిడిస్ రుబ్లోబేటస్ అని ఒకదాన్ని వర్ణించారు. రూబర్, కాంగ్లోబేటస్ అనే రెండు పాత జాతుల పోలికలు రెండూ ఉన్నాయని రెండు పేర్లూ కలిపి పెట్టిన పేరు. వందేళ్ళకు పైగా చూపు పడిన, ఎన్నో కళ్ళు వెతికిన గుంపులో ఇంకా ఒకటి మిగిలుందంటే మన బావుల మాటేమిటి? పైగా ఇది పేరు సరదా కాదు. సముద్రం ఒకప్పుడు ఎంత వెచ్చగా ఉందో గుల్లల్లోని ఆక్సిజన్‌తో లెక్కగడతారు. పైనీళ్ళలో బతికినదానికీ లోతున బతికినదానికీ ఆ లెక్క వేరు. రెండు జాతుల్ని ఒకటనుకుని కలిపి కరిగిస్తే వచ్చేది ఏ సముద్రానిదీ కాని వేడి.

మా మేనల్లుడు కంప్యూటరు మనిషి. ఇక మీ కళ్ళతో పనిలేదత్తా, యంత్రమే గుర్తుపడుతుంది అంటాడు. గుర్తుపడుతుంది, 2019లోనే వేలాది ఫోటోలతో దానికి నేర్పారు. ఆ ఫోటోల కింద పేర్లు రాసింది కళ్ళున్నవాళ్ళే. పేరున్నదాన్ని యంత్రం పట్టుకుంటుంది. పేరులేనిదాన్ని దగ్గరి చుట్టం గూట్లో వేసేసి ముందుకి పోతుంది, మా సారు చెప్పినట్టు నేను చేసినట్టే.

ఇంకొకటి. 2014 చివర, 2015 మొదట్లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ బంగాళాఖాతం, అండమాన్ సముద్రాల్లో అడుగున తవ్వి మట్టి స్తంభాలు తీసింది. అవి జపాన్‌లోని కోచిలో ఉన్నాయి. మన కొచ్చి కాదు, ఆ కోచి వేరే. దరఖాస్తు పెట్టుకుంటే, పని సబబైనదైతే, ఏ దేశం కుర్రవాడికైనా ఒక్క చెంచాడు మట్టి పంపిస్తారు. మన సముద్రపు మట్టి జపాన్‌లో ఉందని నాకు బాధ లేదు. అక్కడ ఉన్నది ఎక్కడుందో, ఎవరడిగితే ఇస్తారో రాసి ఉంది. నా స్లైడు ఎక్కడికి పోయిందో ఒక్క ముక్క రాసి లేదు.

కాబట్టి ప్రభుత్వానికి ఉత్తరాలు రాసేవాళ్ళు రాయండి, నేనూ రాస్తున్నాను. బావి పని ముగిసి వ్యాపార రహస్యం కాలం చెల్లాక ఆ స్లైడులు ఒక మ్యూజియానికో విశ్వవిద్యాలయానికో రిజిస్టరుతో సహా అప్పగించాలన్న షరతు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఒక గది, ఒక పొడి బీరువా, ఒక మనిషి.

ఈలోగా నాతో పనిచేసి రిటైరైనవాళ్ళకి, పాత జియాలజీ డిపార్ట్‌మెంట్లలో తాళాలున్నవాళ్ళకి ఒక మనవి. అటక మీద, స్టోరు రూములో అగ్గిపెట్టెల్లాంటి అట్టస్లైడుల పెట్టెలు కనపడితే పారేయకండి. చెక్క బీరువాలో ఉంటే ఇనప బీరువాలోకి మార్చండి. మూతలు తెరిచి బావి నంబరూ లోతూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. చెరిగిపోతుంటే ఇవాళే మళ్ళీ రాయండి. పెన్సిల్‌తో రాయండి, ఇంకు తేమకి పాకుతుంది.